హ్యాండీక్యామ్ డబ్బా మీద చూసి కాదు, మనం తీసే చోటు చూసి కొనాలి

(గుంటూరు బ్రాడీపేటలో ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు ఆదివారం సాయంత్రం పెట్టుకున్న సమావేశంలో, విజయవాడ గవర్నర్‌పేటలో వీడియో మిక్సింగ్ పని చేసే ఒకాయన మాట్లాడింది ఇది. రికార్డింగ్ విని టైప్ చేశాం, మధ్యలో అడిగిన ప్రశ్నలు కూడా అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? కాజ టోల్‌గేట్ దగ్గర కాస్త ఆగిపోయాను, లేటయింది, ఏమనుకోకండి.

సెక్రటరీ గారు ఫోన్ చేసి ఏవండీ మా వాళ్ళలో నలుగురైదుగురు హ్యాండీక్యామ్ కొందామనుకుంటున్నారు, తక్కువలో ఏది కొనాలో ఒక పేరు చెప్పండి చాలు అన్నారు. పేరు చెప్పడం ఒక్క నిమిషం పని, చివర్లో అదీ చెప్తాను. కానీ నా పనేంటంటే మీరు తీసుకొచ్చిన కార్డు కంప్యూటర్లో పెట్టి, అందులో పనికొచ్చేది ఏరి, సీడీకో పెన్‌డ్రైవ్‌కో ఎక్కించి ఇవ్వడం. అందుకని ఏ కెమెరా కొన్నారన్న దానికంటే ఆ కెమెరాతో తీసింది ఎక్కడెక్కడ పాడైపోతోందో నాకు బాగా తెలుసు, ఆ వైపు నుంచి చెప్తాను.

ముందే ఒక మాట. మీ దగ్గర ఓ మాదిరి మంచి ఫోనుండి, మీరు తీసేది పిల్లాడు హాల్లో పాకడమూ, వాకిట్లో గొబ్బెమ్మలూ, హరిదాసు రావడమూ, ఇలా రెండు మూడు నిమిషాల ముక్కలే అయితే హ్యాండీక్యామ్ కొనకండి. పగటి వెలుతుర్లో మంచి ఫోను తీసినంత బాగా పాతికవేల లోపు హ్యాండీక్యాములు తీయలేవు, ఇది కొట్లోవాడు చెప్పడు, నేను చెప్తున్నాను. మరి ఎవరికి కావాలీ అంటే, స్కూలు యాన్యువల్ డేలో ఇరవయ్యో వరసలో కూర్చుని స్టేజీ మీద మనమరాలి మొహం కనపడాలి అనుకునేవాళ్ళకి, ఓణీల ఫంక్షనో సత్యనారాయణ వ్రతమో గంటా రెండు గంటలు ఆపకుండా తీయాలనుకునేవాళ్ళకి. ఫోనైతే నలభై నిమిషాలకి కాలిపోతుంది, మన గుంటూరు మే నెలలో అయితే ఇంకా ముందే, మధ్యలో మీ బావమరిది ఫోన్ చేస్తాడు, రికార్డింగ్ అక్కడితో సరి. (నవ్వులు)

సరే, కొట్లో ఏం జరుగుతుందో చూడండి. విజయవాడ బీసెంట్ రోడ్డుకి వెళ్ళండి, ఇక్కడ అరండల్‌పేటకి వెళ్ళండి, షోరూమ్ అంటే నెత్తిన పాతిక లైట్లుంటాయి. ఆ వెలుతుర్లో ఏ కెమెరా అయినా బ్రహ్మాండంగానే ఉంటుంది, పైగా మీరు చూసేది రెండున్నర మూడంగుళాల తెర మీద. ఆ తెర మీద మచ్చ కనపడదు, వణుకు కనపడదు, శబ్దం అసలే తెలీదు. కాబట్టి వెళ్ళేటప్పుడు మన కార్డు మనం జేబులో వేసుకుని వెళ్ళాలి, కొట్లో ఏసీ కింద ఒక నిమిషం, మెట్ల కింద చీకటిగా ఉండే చోట ఒక నిమిషం, బయట రోడ్డు మీద బాగా దూరంలో ఉన్న బోర్డుని జూమ్ చేసి ఒక నిమిషం, ఎవరితోనైనా మాట్లాడుతూ ఒక నిమిషం తీసుకుని, ఇంటికొచ్చి టీవీలో పెట్టి చూసి, అప్పుడు వెళ్ళి డబ్బులు కట్టండి. ఒప్పుకోరేమో అంటారా, అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, ఒప్పుకోని చోట కొనకపోతే సరి.

డబ్బా మీద అంకెల సంగతి. మెగాపిక్సెల్ అనే అంకె ఫొటోలకి సంబంధించింది. ఫుల్ హెచ్‌డీ వీడియోకి కావాల్సింది 1920 బై 1080, అంటే ఇరవై లక్షల చిల్లర చుక్కలు, రెండు మెగాపిక్సెల్స్. మిగతాదంతా కొట్లో మాట్లాడుకోవడానికి. జూమ్ దగ్గర రెండంకెలు ఉంటాయి, పెద్దక్షరాల్లో ఉన్నది వదిలేసి ఆప్టికల్ అని రాసున్న చిన్న అంకె చూడండి. ఆప్టికల్ అంటే అద్దాలు నిజంగా కదిలి దగ్గరికి తెస్తాయి, డిజిటల్ అంటే ఉన్న బొమ్మని కోసి సాగదీయడం, ఆ పని నేను ల్యాబ్‌లో చేసిపెడతాను, దానికి మీరు డబ్బులివ్వక్కర్లేదు.

ఆప్టికల్ జూమ్‌లో కూడా ఒక చిక్కుంది, ఇక్కడ కాస్త నిలబడదాం, ఎందుకంటే నా దగ్గరికొచ్చే వాటిల్లో సగం దీనివల్లే పాడవుతున్నాయి. సోనీ సీఎక్స్405 అని ఒకటుంది, చౌక హ్యాండీక్యాముల్లో బాగా అమ్ముడైన బండి, 2015లో వచ్చింది. దానికి 30 రెట్ల ఆప్టికల్ జూమ్. లెన్సు చుట్టూ ఎఫ్ 1.8 నుంచి 4 అని రాసుంటుంది. ఆ రెండంకెల అర్థమేంటంటే జూమ్ లాగకుండా ఉన్నప్పుడు లోపలికొచ్చే వెలుతురు, జూమ్ చివరిదాకా లాగేసరికి ఐదో వంతుకి పడిపోతుంది. దానికి తోడు లోపల బొమ్మని పట్టుకునే సెన్సార్ గోరుమీద పట్టేంత, మూల నుంచి మూలకి మూడు మిల్లీమీటర్లు. ఇంక రాత్రిపూట ఫంక్షన్ హాల్లో చివర నిలబడి పెళ్ళికూతురి మొహం దాకా లాగామనుకోండి, వెలుతురు చాలక కెమెరా తనంతట తాను సిగ్నల్ పెంచుకుంటుంది, పెంచేకొద్దీ తెరంతా రవ్వ పోసినట్టు చుక్కలు. టీవీలో చూస్తే మొహం ఎవరిదో కూడా తెలీదు. ఇది ఆ ఒక్క కెమెరా తప్పు కాదు, ఆ రేటులో అన్నీ అంతే. కాబట్టి రాత్రి పూట జూమ్ మీద చెయ్యి వెయ్యకండి, నడిచి దగ్గరికి వెళ్ళండి. జూమ్ పగటికీ, బాగా లైట్లున్న స్టేజీకీ.

జూమ్ లాగినప్పుడల్లా స్టాండు ఉండాలి. చేతి వణుకుని లెన్సులోనే సర్దేది, ఆప్టికల్ స్టెబిలైజేషన్ అని రాసున్నదే తీస్కోండి, ఎలక్ట్రానిక్ అని మాత్రమే ఉంటే బొమ్మ అంచులు కోసి సరిచేస్తుంది, పని జరుగుతుంది గానీ అంత బాగా కాదు. ఏది ఉన్నా సరే 30 రెట్లు లాగి చేత్తో పట్టుకుంటే మీరు ఊపిరి పీల్చినా స్టేజీ ఊగుతుంది. స్టాండు లేకపోతే ముందున్న కుర్చీ వీపు మీద తువ్వాలు మడిచి పెట్టి దాని మీద ఆనించండి, అదీ మహా బాగా పనిచేస్తుంది.

(ఒక ఆవిడ: పెళ్ళిలో ఫొటోలు తీసేటప్పుడు వీడియోలో సగం తెర తెల్లగా అయిపోతోందండీ, కెమెరా పాడయిందా?)

పాడవ్వలేదమ్మా. ఇప్పటి సెన్సార్లు బొమ్మని ఒకేసారి తీయవు, పై గీత నుంచి కింది గీత దాకా వరసగా చదువుకుంటూ వస్తాయి. సగం చదివేసరికి ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టాడంటే ఆ మిగిలిన సగమే తెల్లబడుతుంది. తలంబ్రాలప్పుడు నలుగురు ఫొటోగ్రాఫర్లు ఒకేసారి కొడతారు కదా, అప్పుడు చూడండి జీబ్రాలా ఉంటుంది. మనం కొనే రేటులో దానికి మందు లేదు, వదిలేయండి.

ఇంక కార్డు. అసలు ఈ ఫ్లాష్ మెమరీ అనేది 1980లలో తోషిబాలో ఫుజియో మసువోకా అనే ఆయన కనిపెట్టింది, ఇప్పుడు మన కార్డుల్లో ఉండే రకాన్ని 1987లో బయటపెట్టారు. లోపల కోట్ల కొద్దీ చిన్న గదులు, వాటిల్లో ఎలక్ట్రాన్లు బందీ అయి ఉంటాయి, కరెంటు తీసేసినా బయటికి రావు, అదే జ్ఞాపకం. తిరిగేదేమీ లేదు, అరిగేది తక్కువ. మినీ డీవీ టేపుల రోజుల్లో మన కృష్ణ ఒడ్డు తేమకి టేపు బూజు పట్టి, హెడ్ జామై, గంట టేపు కంప్యూటర్లోకి దింపాలంటే గంట కూర్చోవాల్సొచ్చేది. కార్డైతే టీ తాగేలోపు అయిపోతుంది. అందుకే ఎంత చౌకది కొన్నా కార్డుదే కొనండి. లోపలే మెమరీ ఉన్న వాటితో ఒక భయముంది, బోర్డు పోతే దాంతోపాటే బొమ్మలూ పోతాయి. అమెరికాలో ఫ్లిప్ అని జేబులో పట్టే కెమెరా ఒకటి తెగ అమ్ముడయింది, అన్నీ లోపలే, సిస్కో వాళ్ళు 2009లో ఆ కంపెనీని కొని 2011లో మూసేశారు. మనవాళ్ళు తెచ్చినవి ఇప్పటికీ బీరువాల్లో ఉంటాయి, చూడండి ఒకసారి, అందులో ఏవైనా మిగిలిపోయాయేమో.

కార్డు ఎంతది కావాలి అన్నది లెక్క కట్టుకోవచ్చు, పెద్ద విద్యేం కాదు. కెమెరా పుస్తకంలో బిట్‌రేట్ అని ఉంటుంది, సెకనుకి కార్డు మీద ఎంత రాస్తుందో చెప్పే అంకె. వీడియోని కార్డులో రాసుకునే ఏవీసీహెచ్‌డీ అనే పద్ధతి, సోనీ పానసోనిక్ కలిసి 2006లో తెచ్చింది, అందులో మంచి క్వాలిటీ అంటే సెకనుకి 24 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 3 ఎంబీ, నిమిషానికి 180 ఎంబీ, గంటకి పదకొండు జీబీకి కాస్త తక్కువ. అంటే 32 జీబీ కార్డులో దాదాపు మూడు గంటలు. 50 మెగాబిట్ల పద్ధతి ఉన్న కెమెరా అయితే గంటకి ఇరవై రెండున్నర జీబీ తింటుంది, దానికి 64 జీబీ, అంటే 32 జీబీ దాటిన ఎస్‌డీఎక్స్‌సీ రకం పెట్టుకోవాలి. పాత కెమెరా ఎవరైనా ఇస్తే మాత్రం ముందు చూడండి, కొన్ని 32 జీబీ దాకా ఉండే ఎస్‌డీహెచ్‌సీ వరకే చదువుతాయి, 64 పెడితే కార్డు లేదు అంటాయి.

స్పీడు గురించి కొట్లో బాగా భయపెడతారు. 50 మెగాబిట్లంటే సెకనుకి ఆరుంపావు ఎంబీ. క్లాస్ 10 అని గుండ్రంలో రాసున్న కార్డు కనీసం 10 ఎంబీ రాస్తుంది. సరిపోయింది కదా. యూ3, వీ30 అని ఉన్నవి 30 ఎంబీ, అవి 4కే వీడియో తీసేవాళ్ళకి. కార్డు మీద పెద్దగా 100 అనో 150 అనో ఉంటుందే, అది మామూలుగా చదివే వేగం, రాసే వేగం కాదు. ఆ అంకె కోసం రెట్టింపు పెట్టక్కర్లేదు.

కానీ దొంగ కార్డు దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. ఇది దగ్గర్నుంచి చూపిస్తాను. ఒకాయన 128 జీబీ కార్డు తెచ్చాడు, కూతురి ఓణీల ఫంక్షన్. ఫోల్డర్ తెరిస్తే ఫైళ్ళన్నీ ఉన్నాయి, పేర్లున్నాయి, ఒక్కోటీ ఎన్ని జీబీయో కూడా చూపిస్తోంది. మొదటి రెండూ ఆడాయి, పందిట్లో అందరూ వస్తున్నారు, కుర్చీలు సర్దుతున్నారు, కాఫీ కప్పులు. మూడోది నొక్కితే నల్లతెర. నాలుగోది నల్లతెర. చివరిదాకా అంతే. సంగతేంటంటే లోపలున్నది 8 జీబీ చిప్పు, ‘నేను 128’ అని కెమెరాకి అబద్ధం చెప్పేలా దాన్ని తయారుచేశారు. కెమెరా పాపం నమ్మి రాసుకుంటూ పోయింది, 8 దాటిన తర్వాత రాసింది ఎక్కడా నిలవలేదు. నా దగ్గరే కాదు, ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ దగ్గరా దానికి ఉపాయం లేదు, ఎందుకంటే అసలు రాయలేదు కదా. అందుకని బిల్లు ఇచ్చే చోట కొనండి, కొన్న రోజే కంప్యూటర్లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనో ఎఫ్3 అనో ఉచితంగా దొరికే ప్రోగ్రాం పెట్టి పూర్తిగా నింపి చదివించండి. మీకు రాకపోతే ఇంట్లో పిల్లల్ని అడగండి, వాళ్ళు చేస్తారు.

(ఒక పెద్దాయన: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడండీ, సంక్రాంతికి వస్తూ ఒకటి తెస్తానంటున్నాడు, అక్కడ చౌకట. తెప్పించుకోవచ్చా?)

మంచి ప్రశ్న అడిగారు బాబాయి గారూ, గుంటూరులో ప్రతి రెండో ఇంట్లో ఈ ప్రశ్నే ఉంటుంది. ఛార్జర్ గురించి భయపడకండి, అడాప్టర్ వెనకాల 100-240 అని ఉంటే మన కరెంటుకి ఏం కాదు, ప్లగ్గు పిన్ను మాత్రం మార్చుకోవాలి. అసలు ఇబ్బంది వేరే. అమెరికా కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది, మనది 50. అక్కడి కెమెరా సెకనుకి 30 లేదా 60 బొమ్మలు తీస్తుంది, ఇక్కడిది 25 లేదా 50. మన ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు వెలిగి తగ్గుతుంటుంది, మన కంటికి తెలీదు గానీ, అరవై బొమ్మలు తీసే కెమెరాకి ఆ వందతో లెక్క కుదరక తెలిసిపోతుంది. టీవీలో పెడితే వెలుతురు అలల్లాగా కొట్టుకుంటూ ఉంటుంది, పది నిమిషాలు చూస్తే తలనొప్పి వస్తుంది. పగలు ఆరుబయట ఏ ఇబ్బందీ లేదు. లోపల తీసేటప్పుడు షట్టర్‌ని, అంటే ఒక్కో బొమ్మకి వెలుతురు పట్టే సమయాన్ని, చేత్తో సెకనులో 1/100కి పెట్టుకునే వీలుంటే అల పోతుంది, కానీ చౌక కెమెరాల్లో చాలావాటికి ఆ వీలే ఉండదు, 60 నుంచి మన 50కి మార్చుకునే మీటా ఉండదు. కాబట్టి మీ అబ్బాయికి చెప్పండి, మెనూలో షట్టర్ స్పీడ్ అని ఉందో లేదో చూసి తెమ్మనండి, లేకపోతే ఆ డబ్బులు పంపించమనండి, ఇక్కడే కొనుక్కుందాం. (నవ్వులు) ఇంకోటి, అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కూడా కనుక్కోమనండి.

శబ్దం గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే రెండో నిమిషంలో లేచి వెళ్ళిపోతారు. కెమెరా మీద ఉన్న మైకు దానికి దగ్గరగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది, అంటే తీసేవాడి దగ్గూ, పక్కావిడ చీర గురించి మాట్లాడేదీ, నెత్తిన తిరిగే ఫ్యాను గాలీ. స్టేజీ మీద పిల్ల పాట ఎక్కడో నూతిలోంచి వస్తుంది. జూమ్ బొమ్మని దగ్గరికి తెస్తుంది గానీ మాటని తేదు. బయటి మైకు పెట్టుకునే కన్నం ఉన్న కెమెరా దొరికితే నేనైతే రెండు వేలు ఎక్కువైనా అదే కొంటాను. కానన్ హెచ్‌ఎఫ్ ఆర్806 అని ఉండేది, దానికి మైకు కన్నమూ ఉంది, ఇయర్‌ఫోన్ కన్నమూ ఉంది. ఇందాక చెప్పిన సోనీకి మైకు కన్నం లేదు.

లేకపోయినా ఒక దారుంది. నాయనమ్మ చేత పాత సంగతులు చెప్పించి తీయాలనుకున్నారు, ఆమె మంచం మీద కూర్చుంది, మీరు ఎదురుగా కెమెరా పెట్టారు. ఒక పాత ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఆమె ఒళ్ళో, చీర చెంగుకి తగలకుండా పెట్టండి. రెండూ మొదలయ్యాక కెమెరాకి కనపడేలా ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తర్వాత కంప్యూటర్లో ఆ చప్పుడు దగ్గర రెండూ కలిపేస్తే ఆమె గొంతు చెవి పక్కనే ఉన్నట్టుంటుంది. ఫ్యాను ఆపండి అని చెప్పను, మన ఊళ్ళో ఫ్యానాపితే ఆవిడే లేచి వెళ్ళిపోతుంది, ఒకట్లో పెట్టండి, లేదా పొద్దున్నే తీయండి.

(ఒక కుర్రాడు: సార్, అదే డబ్బుకి పాత డీఎస్‌ఎల్‌ఆర్ వస్తుంది కదా?)

వస్తుంది, బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది, ఫోకస్ చేయడం వస్తే. చాలా పాత వాటిల్లో ఒక్కో క్లిప్పు 29 నిమిషాల 59 సెకన్లకి ఆగిపోతుంది, ఇంకా పాతవైతే 12 నిమిషాలకే. యూరప్‌లో అరగంట, ఆపైన రికార్డు చేసే దాన్ని వీడియో కెమెరా కింద కట్టి సుంకం వేసేవాళ్ళు, అది తప్పించుకోవడానికి కంపెనీలు పెట్టుకున్న ఆంక్ష, మనం కూడా అనుభవిస్తున్నాం. నువ్వు తీసేటట్టయితే కొను, మీ అమ్మగారు తీసేటట్టయితే హ్యాండీక్యామే.

డబ్బు సంగతి. పాతికవేలు అనుకుంటే పాతికా కెమెరాకి పెట్టకండి, నాలుగైదు వేలు పక్కన ఉంచి రెండు మంచి కార్డులూ, ఇంకో బ్యాటరీ, ఒక స్టాండూ కొనండి. చౌక కెమెరాలతో వచ్చే బ్యాటరీ చిన్నది, వ్రతం కథ మూడో అధ్యాయానికి అయిపోతుంది. ఎర్రలైటు మినుకుతున్నప్పుడు బ్యాటరీ గానీ కార్డు గానీ లాగకండి, ఫైలు మూసుకునే లోపు తీసేస్తే అది తెరుచుకోదు. వేసవిలో కార్లో వదిలేయకండి.

కార్డు దాచుకునే వస్తువు కాదండీ. ఆ ఎలక్ట్రాన్లు బందీలన్నాను కదా, ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే కొన్ని జారిపోతుంటాయి. ఇంటికి రాగానే హార్డ్‌డిస్క్‌లోకి ఒక కాపీ, వేరే చోట ఇంకో కాపీ, అప్పుడు కార్డు ఖాళీ చేయండి. ఏవీసీహెచ్‌డీలో తీస్తే ప్రైవేట్ అనే ఫోల్డర్ మొత్తం అలాగే కాపీ చేయండి, లోపల్నుంచి ఎంటీఎస్ అని ఉండే వీడియో ఫైళ్ళు మాత్రం ఏరుకొస్తే పెద్ద వీడియో ముక్కలుగా విడిపోయి ఉంటుంది, అతికిన చోట మాట ఎగిరిపోతుంది. అంత గొడవ వద్దనుకుంటే ఎంపీ4లో కూడా తీసేది చూసుకోండి, సోనీ సీఎక్స్405లో రెండూ ఒకేసారి రాసుకునే వీలుంది, వాట్సాప్‌లో పంపాలంటే అది హాయి.

పేర్లంటే ఇవేనండీ, పగలూ స్టేజీ ప్రోగ్రాములూ అయితే ఆ సోనీ, లేదా పానసోనిక్ వీ180, దానికి ఆప్టికల్ జూమ్ 50 రెట్లు. మాటలు ముఖ్యం అనుకునేవాళ్ళు ఆ కానన్ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుందేమో వెతకండి.

(ఇంకో ఆయన: సెకండ్‌హ్యాండ్‌లో ఏం చూడాలండీ?)

ముందు టేపుదీ, చిన్న డీవీడీదీ, లోపల హార్డ్‌డిస్క్ తిరిగేదీ ఎంత తక్కువకిచ్చినా తీస్కోకండి. కార్డుదైతే ముందు బ్యాటరీ చేత్తో తడమండి, ఉబ్బి ఉంటే దాని ధర తగ్గించుకోండి. లెన్సు మూసి, చీకటిగా చేసి ఒక నిమిషం రికార్డు చేసి టీవీలో చూడండి, కదలకుండా తెల్లగానో ఎర్రగానో వెలిగే చుక్కలుంటే సెన్సార్ దెబ్బతింది. లెన్సులోకి టార్చి కొట్టి చూస్తే సాలెగూడులాంటి తెల్లని దారాలు కనపడితే అది ఫంగస్, మన కోస్తా తేమకి మామూలే, తుడిస్తే పోదు. జూమ్ చివరిదాకా లాగి వెనక్కి వదలండి, మధ్యలో ఎక్కడైనా తట్టుకుంటే వద్దు. ఛార్జింగ్ కేబుల్ కెమెరాకే అతుక్కుని ఉండే రకమైతే ఆ తీగ మొదట్లో వంచి చూడండి, అక్కడే తెగుతుంది, తెగితే బ్యాటరీ ఎక్కించడానికి విడిగా ఛార్జర్ కొనుక్కోవాలి, అది కూడా బేరంలో కలిపి మాట్లాడుకోండి.